పడటం వేరు, పడినట్లు నటించడం వేరు

అస్ర్ నమాజు తర్వాత మా మదర్సా పిల్లలు వెనుకనున్న మైదానంలో ఫుట్‌బాల్ ఆడుకుంటారు. మొన్న పుంగనూరు, కుప్పం పిల్లలు కూడా మదనపల్లె వచ్చి పోటీపడ్డారు. మొదటి ఆటలో కుప్పం బాలుడొకడు ఎవరి కాలూ తగలకుండానే నేలపై దొర్లాడు. మేము ముఖం చిట్లించి, "ఇదేమి పెంపకం!" అన్నాము. చివరి ఆటలో పుంగనూరుపై మా పిల్లవాడు కూడా సరిగ్గా అదే పని చేశాడు. పెనాల్టీ లభించింది, మా జట్టు గెలిచింది. మేము చిరునవ్వు నవ్వి ఊరుకున్నాము.

ఆ రాత్రి ఒక చిన్న విద్యార్థి మా వద్దకు వచ్చి అడిగాడు: "హజ్రత్, వాళ్లు పడితే అబద్ధం, మనవాళ్లు పడితే తెలివా?" మా వద్ద జవాబు లేకపోయింది.

ప్రియ పాఠకులారా! ఈ జాడ్యం పిల్లలది కాదు, పెద్దల నుండి సంక్రమించినది. 2002 ప్రపంచ కప్పులో బ్రెజిల్, టర్కీ జట్లు తలపడినప్పుడు టర్కీ ఆటగాడు తన్నిన బంతి రివాల్డో కాలికి తగిలింది. ఆయన మాత్రం ముఖం పట్టుకొని కూలిపోయాడు. టర్కీ ఆటగాడు ఎర్ర కార్డుతో మైదానం వీడాడు. తర్వాత ఫిఫా రివాల్డోకు జరిమానా విధించింది. కానీ ఆ ఆట ఫలితం మారలేదు, ఆ ఏడాది కప్పు కూడా బ్రెజిల్‌దే అయింది. గాయం నటించి రిఫరీని మోసగించడం నేరమని, దానికి పసుపు కార్డు చూపాలని ఆట నియమాలలోనే ఉంది. అయినా అభిమానులు ఎదుటి జట్టువాడిని 'మోసగాడు' అంటారు, అదే పని చేసిన తమవాడిని 'చురుకైనవాడు' అంటారు.

తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకొని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించి కొలిచేవారిని దివ్య ఖుర్ఆన్ తీవ్రంగా హెచ్చరించింది. ఆ తక్కెడ అంగడిలోనే ఉంటుందని మనం భావిస్తాము. మదనపల్లె టమోటా మార్కెట్టులో పెట్టె పైవరుసలో మంచి కాయలు, అడుగున కుళ్లినవి పెట్టేవాడిని నిందిస్తాము. మన బిడ్డ తప్పునూ, పొరుగువారి బిడ్డ తప్పునూ తూచేటప్పుడు మన చేతిలో ఉన్న తక్కెడ ఎటువంటిది?

దీనికి భిన్నమైన ఆదర్శాలూ ఉన్నాయి. 1962 జకార్తా ఆసియా క్రీడలలో భారత జట్టుకు శిక్షకుడు మన హైదరాబాద్ ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్. రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు నిజంగానే గాయమై కుట్లు పడ్డాయి. అయినా ఆయన ఫైనల్లో ముందువరుసలో ఆడి, దక్షిణ కొరియాపై గోల్ చేశాడు. భారత్ 2-1తో స్వర్ణం గెలిచింది. గాయపడినవాడు నిలబడ్డాడు! 2012లో ఇటలీలో లాజియో ఆటగాడు క్లోజె, బంతి తన చేతికి తగిలి గోల్‌లోకి వెళ్లిందని తానే రిఫరీకి చెప్పాడు. గోల్ రద్దయింది, ఆయన జట్టు 3-0తో ఓడింది. నేడు ఆ ఓటమిని ఎవరూ ఎత్తిచూపరు, ఆయన నిజాయితీనే గుర్తుచేసుకుంటారు.

మరునాడు ఫజ్ర్ తర్వాత ఆ పిల్లవాడిని పిలిచి మందలించబోయాము. అతడు తల వంచుకొని, "మీరు నవ్వారు కదా హజ్రత్!" అన్నాడు. మందలింపు మా గొంతులోనే ఆగిపోయింది. తప్పు మాదని అతడి ఎదుటే ఒప్పుకున్నాము. పుంగనూరు ఉస్తాద్‌గారికి ఫోన్ చేసి, ఆ గెలుపు మాది కాదని తెలియజేశాము. కుప్పం పిల్లవాడి విషయంలో అన్న మాటను కూడా వెనక్కి తీసుకున్నాము.

మన పిల్లలు మన ఉపదేశాలకన్నా ముందుగా మన చిరునవ్వులను చదువుతారు. కనుక తల్లిదండ్రులారా, తమ బిడ్డ గెలిచి ఇంటికి వచ్చినప్పుడు "ఎంతతో గెలిచావు?" అని అడిగే ముందు, "ఎలా గెలిచావు?" అని అడగండి.