పింఛను గడప దాకా వస్తోంది, నర్సమ్మ ఎందుకు రాదు?



మా జమ్మలమడుగు అక్కకు డెబ్బై ఎనిమిదేళ్లు. నేతపని చేసిన ఇల్లు. బావ పోయినాక మగ్గం తీసేశారు గానీ గుంత అట్లే ఉండేది. పైన పలక పరిచి, దానిమీద బియ్యం డబ్బా పెట్టుకుంది. నిరుడు బచ్చలింట్లో జారిపడింది. చెయ్యి బెణికిందంతే. కానీ పడింది రాత్రి, పక్కింటావిడకు తెలిసింది తెల్లారినాక.

మేనల్లుడు బెంగళూరు నుంచి బస్సెక్కి వచ్చాడు. "మామా, అమ్మ ఒక్కతే ఉంటే నాకు నిద్ర పట్టల్యా" అన్నాడు. వాడి తప్పేమీ లేదు. ఒక వృద్ధాశ్రమంలో చేర్చాం. అక్కడివాళ్లనూ ఒక్క మాట అనడానికి లేదు. వేళకు అన్నం, వేళకు మాత్ర. నలభై ఒకటో రోజున అక్క మూట కట్టుకుంది. పెళ్లైన కాణ్ణుంచి తెల్లారుజాము మూడింటికే లేచి కండెలు చుట్టిన మనిషి. "నేను లేసినప్పుడు లైటేయనీరురా. చీకట్లో గమ్మున కూచోవాల. అదేం ఖర్మ నాకు?" అంది.

తిరిగొచ్చినాక బచ్చలింట్లో నున్నటి బండలు తీయించి గరుకువి వేయించాం. గోడకు పట్టుకునే కమ్మీ బిగించాం. మగ్గం గుంత పూడ్చేశాం. ఆ పూడ్చేటప్పుడు మాత్రం అక్క వీధిలోకి పోయి నిలబడింది. ఖర్చంతా కలిపి ఆశ్రమానికి కట్టిన రెండు నెలల డబ్బు కాలేదు.

అట్లని ఆశ్రమాలు వద్దనేవాణ్ణి కాదు. పులివెందులలో నా స్నేహితుడొకాయన భార్య పోయినాక చీనీ తోట కౌలుకిచ్చి, తానే తిరిగి మూడు చోట్లు చూసుకుని ఒకదాంట్లో చేరాడు. ఇంటి తాళంచెవి ఇప్పటికీ ఆయన జేబులోనే ఉంది. నేను పోతే కదలనీయడు, పేకాటకు కూర్చోబెడతాడు. మంచం పట్టినవాళ్ల సంగతి వేరే. "ఆశ్రమంలో వేసినారంట" అని మూతి తిప్పేవాళ్లు ఒక్క రాత్రి పక్కబట్టలు మార్చి చూడాలి.

నా గొడవల్లా ఏమిటంటే, మా ఊళ్లలో ఈ చివర ఒంటరి ఇల్లు, ఆ చివర ఆశ్రమం. నడుమ ఏమీ లేదు. బంగారం కొట్లతో రెండో బొంబాయి అనిపించుకున్న మా ప్రొద్దుటూరులోనే, రోజుకో గంట వచ్చి ముసలివాళ్లకు నీళ్లు పోసి పోయే నమ్మకమైన మనిషి కోసం రెండు నెలలు వెతికాను. దొరకలేదు.

2007 నాటి వయోవృద్ధుల చట్టం 19వ సెక్షన్ జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, 150 మందికి తగ్గకుండా, నిరుపేదల కోసం పెట్టవచ్చంటుంది. పెట్టాలని కాదు, పెట్టవచ్చని. పెట్టినా మా అక్కకు అందులో చోటు దొరక్కపోవచ్చు, సొంతిల్లు ఉంది గదా. అన్న క్యాంటీన్లో ఐదు రూపాయలకే భోజనం, మంచి పనే. కానీ అక్కడిదాకా నడవగలిగినవాళ్లకే.

అదే చట్టంలో 23వ సెక్షన్ కూడా పెద్దవాళ్లు చదివించుకోవాలి. ఇల్లో పొలమో పిల్లలకు దానంగా రాసిస్తే, తమను చూసుకోవాలనే షరతు ఆ పత్రంలోనే రాయించండి. మాట తప్పితే ఆ రిజిస్ట్రేషన్ రద్దు చేయమని ట్రిబ్యునల్‌కు పోవచ్చు. ఆస్తిని తిరిగి స్వాధీనం చేయించే అధికారం కూడా ట్రిబ్యునల్‌కు ఉందని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇల్లు చేతిలో ఉన్నప్పుడే గదా, ఇంట్లో ఉంటానా ఆశ్రమానికి పోతానా అని తేల్చుకునేది.

ఇక ఇంటికీ ఆశ్రమానికీ నడుమ దారి సంగతి. కేరళలో 1993లో కోళికోడ్ మెడికల్ కాలేజీలో చిన్నగా మొదలైన పాలియేటివ్ (నొప్పి, బాధ తగ్గించే) సేవ, 2008 నాటికి ప్రభుత్వ విధానమైంది. అక్కడ పంచాయతీ తరఫున నర్సు మంచం పట్టినవాళ్ల ఇంటికే పోతుంది. మనకు అంత దూరం చూడాల్సిన పని కూడా లేదు. 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు, పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకు 15,000. ఒకటో తేదీన సచివాలయం మనిషి గడప దాకా తెచ్చి ఇస్తాడు. ఏ వీధిలో ఏ ముసలామె ఒంటరిగా ఉందో వాళ్లకు తెలుసు. దారి ఎప్పుడో పడింది. ఆ దారినే నెలకోసారి ఏఎన్ఎం నర్సమ్మ బీపీ మిషను పట్టుకుని వస్తే చాలు.

మా అక్క వేళ్లు నూలు రాసి రాసి అరిగిపోయాయి, వేలిముద్ర యంత్రం పట్టదు. పింఛను తెచ్చే అమ్మాయి తడిగుడ్డతో ఒక్కో వేలూ తుడిచి పెట్టించేది. ఒక నెల అట్లా కింద కూర్చుని తుడుస్తూ, "అవ్వా, కాళ్లు వాచినాయే, చూపించుకున్యావా?" అంది. పది రోజులుగా బీపీ మాత్రలు అయిపోయాయని, ఎవరికీ చెప్పలేదని అప్పుడు బయటపడింది. ఫోన్‌లో రోజూ మాట్లాడే కొడుక్కు తెలియదు, వారానికోసారి పోయే నాకూ తెలియదు.

పోయిన నెల ఆ అమ్మాయికి వేరే వీధులు ఇచ్చారు. కొత్తగా వచ్చిన అబ్బాయి మర్యాదస్తుడే. వేలిముద్ర పడేదాకా ఓపిగ్గా నిలబడి, డబ్బు లెక్కపెట్టి ఇచ్చి పోయాడు. కాళ్లు చూడడం అతని డ్యూటీ కాదు. అది ఎవరి డ్యూటీయో కాగితం మీద రాయండని అధికారులకు మీ పత్రిక ద్వారా నా మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ప్రొద్దుటూరు