మురుగు నీటి నుండి విద్యుత్తు: ముందు నీరు, తరువాత దీపము



ఇటీవల ఆళ్లగడ్డ ప్రాంతమున ఒక రైతు నన్ను ఇట్లడిగెను: "అయ్యా, మిల్లు మురుగుతో కరెంటు పుడుతుందంట గదా! మా మోటారు దాంతో తిరుగుతుందా?"

తిరుగదని చెప్పితిని. ఆయన పొలమునకు ఎగువన వడ్లు నానబెట్టి ఉడికించు మిల్లు కలదు. అక్కడి పులిసిన నీరు మడిలో చేరి వరి వేళ్లు నల్లబడినవి. ఆయనకు కావలసినది కరెంటు కాదు, మంచి నీరు.

అయినను ఆ మాట వట్టిది కాదు. సూక్ష్మజీవుల వలన విద్యుత్తు పుట్టునని 1911లోనే ఇంగ్లండు దేశపు వృక్షశాస్త్రాచార్యుడు ఎం. సి. పాటర్ చూపెను. గాలి సోకని తొట్టిలో సూక్ష్మజీవులు మురుగులోని గంజిని, చక్కెరను తినును. అప్పుడు వెలువడు విద్యుత్కణములను బొగ్గు పలక గ్రహించి, తీగ ద్వారా గాలి తగులు రెండవ పలకకు పంపును. ఈ రెంటి నడుమ ఖరీదైన పొరకు బదులు మట్టికుండ గోడ చాలునని ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. వారు బియ్యపు మిల్లు నీటితోనే ప్రయోగించి 2010లో ప్రకటించిరి. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలోను ఈ పరిశోధన జరిగినది.

అయితే లెక్క చూడుడు. టార్చిలైటు బ్యాటరీ ఒకటిన్నర వోల్టు; ఈ ఘటము ఒక వోల్టు కూడ ఈయదు. కుండెడు నీటి నుండి ఒక వాట్ శక్తియైనను రాదు. 5 హార్సుపవరు మోటారుకు సుమారు 3,700 వాట్లు కావలెను. అసలు లాభము వేరొకటి. మామూలు శుద్ధిలో మోటార్లతో నీటిలోనికి గాలి ఊదవలెను. ఇందులో ఆ ఖర్చు తగ్గును, అడుగున చేరు బురదయు తగ్గును. కాని ఉప్పులను తీసివేయుటకు ఇది చాలదు.

"మా నీరు ఎరువే గదా" అని మిల్లువారనుట కలదు. శుద్ధి చేసి, మితముగ పెట్టినచో మేలే. పచ్చి మురుగు కుళ్లునప్పుడు నేలలోని ప్రాణవాయువును హరించును, వేరునకు ఊపిరాడదు. ఈ కుళ్లు పదార్థమును బి.ఓ.డి. అను కొలతతో లెక్కింతురు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ప్రమాణముల ప్రకారము లీటరుకు, నదిలోనికి వదలు నీటిలో 30, సేద్యపు నేలకు పెట్టు నీటిలో 100 మిల్లీగ్రాములు మించరాదు.

కావున నా అభిప్రాయమిది. కొత్త యంత్రము వచ్చువరకు ఆగుదమని ఏ మిల్లును అనరాదు. తేర్చు తొట్లు, గోబర్ గ్యాసు వంటి మూత తొట్లు నేడే కలవు. కొత్త పద్ధతిని నంద్యాలలో ఒక మిల్లు వద్ద చిన్నగ పరీక్షింపవలెను. 1906 నుండి ఉన్న మన పరిశోధన స్థానమున, శుద్ధియైన ఆ నీటితో వరి పండించి చూడవలెను.

గ్రామ సచివాలయ ఉద్యోగులారా! కాలువ నీటి రంగు, వాసన మారినచో తేదీ, చోటు వ్రాసి కాలుష్య నియంత్రణ మండలికి తెలుపుడు. నంద్యాల ప్రక్కన పారు కుందూ పెన్నలో కలియును. మనము వదలిన మురుగు దిగువ రైతు మడికి చేరును. దీపము వెలిగినను వెలుగకున్నను, ఆ నీరు తేటపడవలెను.