నేరకథలో నవ్వు నేరమా?

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయము మెట్లమీఁద మా పొరుగింటి పెద్దమనిషి, కూఁతురి చేతిలోని మల్లాది వెంకటకృష్ణమూర్తిగారి ‘చంటబ్బాయ్’ లాగికొని, “నేరములలో నవ్వేమిటి?” అని గద్దించుట మేము కంటిమి. 1986లో జంధ్యాలగారు చలనచిత్రముగాఁ దీసిన నవలయే యది. అశోక్‌నగరు శిక్షణాలయముల పోటీపరీక్షల పుస్తకములు తప్ప వేఱేదియుఁ జదువరాదని యాయన యాజ్ఞ!

నవ్వు నేరమును తేలికచేయునఁట. మృచ్ఛకటికము చదివినవా రీమాట యనఁజాలరు. తృతీయాంకమున శర్విలకుఁడు చారుదత్తుని గోడకుఁ గన్నము వేయుచు, కొలత్రాడు మఱచివచ్చి, జందెముతోఁ గొలుచును. నాలుగు వేదములెఱిఁగిన తండ్రికిఁ బుట్టినవాఁడు! శూద్రకుఁడు దొంగను మెచ్చి నవ్వించెనా? జందెమెంతకు దిగజాఱెనో చూపుటకే నవ్వించెను. పది ధర్మోపన్యాసము లీపని చేయఁగలవా?

మంచును శవమునే నేరకథకు సామగ్రిగాఁ జేసికొన్న ఉత్తర యూరోపుననే, ఫిన్లాండు రచయిత ఆంటి టుయోమైనెన్ 2016లో నొక పుట్టగొడుగుల వర్తకుని కథ వెలువరించెను. తనకెవరో విషము పెట్టిరని వైద్యునివలన విని వర్తకుఁ డింటికిఁ బోవును. అచట భార్య పరపురుషునితో నుండును. నవ్వు వచ్చును, వెంటనే ఆ కాపురపు డొల్లతనమును దెలియును.

ఆ బాలికకు మా ప్రతి యిచ్చితిమి. తండ్రిగారు వాదింపఁదలఁచినచో, నారాయణగూడలో మా యిల్లాయన యెఱుఁగును.