‘ఆడవాళ్ళ బండి’ ఎంత దూరం వెళ్ళొచ్చు?

స్కూటర్‌ని ‘ఆడవాళ్ళ బండి’ అనడం మనకి ఎంత అలవాటైపోయిందంటే, ఆ మాటలో దాగున్న కొలత మన కంటికి ఆనడమే మానేసింది. ఆడవాళ్ళ బండి అంటే గేర్లు లేని బండి. కాళ్ళ దగ్గర కూరల సంచీకి చోటున్న బండి. పిల్లల్ని బడి దగ్గర దింపి, ఆఫీసుకెళ్ళి, వస్తూ వస్తూ పాలపాకెట్లు తెచ్చే బండి. అంటే ఇంటి చుట్టూ తిరిగే బండి. గానుగెద్దు కూడా రోజూ మైళ్ళకొద్దీ నడుస్తుంది. దాన్నెవరూ యాత్రికుడు అనరు.

నేను మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నాది 155 సీసీ స్కూటర్. మామూలు స్కూటర్ల కన్నా పెద్దది, బరువైనది. దానిమీద ఒంటరిగా నాగార్జునసాగర్, శ్రీశైలం, సూర్యలంక వెళ్ళొచ్చాను. ప్రతిసారీ నాకెదురైనవి రెండే మాటలు. ఇంట్లోవాళ్ళది: “అంత దూరం ఏం పనుంది?” బైకుల మీద దేశం తిరిగే మగ సహోద్యోగులది: “స్కూటర్ మీదా? అదేం టూరింగ్!” మొదటి మాట దూరాన్ని నాకు కాకుండా చేస్తుంది. రెండోది నా బండిని దూరానికి పనికిరాకుండా చేస్తుంది. రెండూ కలిసి చేసే పని ఒక్కటే.

ముందు రెండో మాట సంగతి చూద్దాం. 2018లో జయ్ భారతి నాయకత్వంలో హైదరాబాద్ నుంచి నలుగురు స్త్రీలు మోటార్ సైకిళ్ళ మీద మెకాంగ్ తీరాల దాకా వెళ్ళొచ్చారు. దాదాపు 17,000 కిలోమీటర్లు. ఆ సాహసం మనందరిదీ. నా పేచీ వాళ్ళతో కాదు, ఇలాంటి యాత్రల్ని ‘మగవాళ్ళకు దీటుగా’ అని మెచ్చుకునే భాషతో. ఎత్తైన ట్యాంకు మీదుగా కాలు తిప్పి ఎక్కితేనే ప్రయాణమా? చీర కట్టుకున్నా, మోకాళ్ళ నొప్పులున్నా, యాభై దాటినా ఎక్కగలిగే బండి స్కూటర్. క్లచ్ నొక్కీ నొక్కీ ఎడమచెయ్యి లాగెయ్యదు. సీటు కింద రెండు రోజుల బట్టలు పడతాయి. మన శరీరాలకి అనువుగా ఉన్న యంత్రాన్ని చిన్నచూపు చూడటం ఆ శరీరాల్ని చిన్నచూపు చూడటమే.

ఇక మొదటి మాట. సైబర్ టవర్స్ 1998లో మొదలైనప్పటి నుంచి ఈ ఐటీ కారిడార్ మమ్మల్ని రాత్రివేళ కూడా ఇంటి బయటికి రప్పించింది. కానీ ఎక్కడికి? ఆఫీసుకి. ఆఫీసు నుంచి క్యాబ్‌లో తిరిగి ఇంటికి. 2013లో సైబరాబాద్‌లో ఒక ఐటీ ఉద్యోగిని మీద అత్యాచారం జరిగింది. 2014లో షీ టీమ్స్ వచ్చాయి. అవసరమే, కాదనను. అయితే భద్రత అంటే స్త్రీని పార్సిల్‌లాగా గమ్యం చేర్చడమేనా?

2019 నవంబరులో శంషాబాద్ టోల్‌గేట్ దగ్గర ఒక యువ పశువైద్యురాలు స్కూటర్ నిలిపి వెళ్ళింది. కావాలనే టైరులో గాలి తీశారని పోలీసులే చెప్పారు. ఆమె చెల్లెలికి ఫోన్ చేసింది. 100కి చెయ్యాల్సిందని అప్పటి హోంమంత్రి అన్నారు. ఎక్కడికెళ్తున్నారో ఇంట్లో చెప్పి వెళ్ళండంటూ జాగ్రత్తల జాబితా మళ్ళీ మనకే ఇచ్చారు. డిసెంబరులో నలుగురు నిందితుల్ని కాల్చి చంపితే పూలు చల్లారు. ఆ కాల్పులు చంపే ఉద్దేశంతోనే జరిగాయని 2022లో సిర్పూర్కర్ కమిషన్ తేల్చింది. ఆ తుపాకులతో ఏ రోడ్డు పక్కనా ఒక్క దీపమైనా వెలిగిందా? ఎన్ని ఇళ్ళల్లో మాత్రం ఆడపిల్లల స్కూటర్ తాళాలు బీరువాల్లోకి వెళ్ళాయో!

‘ఇదంతా ఐటీ జీతాల ఆడవాళ్ళ సరదా’ అని కొట్టిపారేసేవాళ్ళున్నారు. నిజమే, నా బండి కొనగలిగే స్త్రీలు కొద్దిమందే. మరి 2023 డిసెంబరులో తెలంగాణలో ఉచిత బస్సు వచ్చినప్పుడు ఏం విన్నాం? కూలి పనులకీ, ఆస్పత్రులకీ వెళ్ళే స్త్రీలతో బస్సులు నిండితే, ‘పనీపాటా లేక తిరుగుతున్నారు’ అన్నారు. పుట్టింటికీ, యాదగిరిగుట్టకీ వెళ్ళే స్త్రీల మీద జోకులు పుట్టాయి. బస్సులో కూచున్న ఆమెకీ, స్కూటర్ మీదున్న నాకూ మధ్య వర్గభేదం ఉంది. అడిగే ప్రశ్న మాత్రం ఇద్దరికీ అదే: “ఏం పనుంది?” మగవాడు తిరిగితే అనుభవం, ఆడది తిరిగితే తిరుగుడు!

పోనీ మనకి ప్రయాణాల చరిత్ర లేదా? 1870లలోనే పోతం జానకమ్మ సముద్రం దాటి ఇంగ్లండు చూసొచ్చి పుస్తకం రాసింది. నాయని కృష్ణకుమారి ‘కాశ్మీర దీపకళిక’ వెలిగించారు. లేనిది చరిత్ర కాదు, దారి పొడుగునా సదుపాయం.

నా బండి ట్యాంకు చిన్నది. నూటయాభై కిలోమీటర్లకోసారి బంకు దగ్గర ఆగక తప్పదు. అసలు పరీక్ష అక్కడే. మరుగుదొడ్డికి తాళం ఉంటుంది, లేదా గడియ ఉండదు. అందుకే హైవే మీద మనం దప్పికేసినా నీళ్ళు తాగం. నా ప్రయాణానికి హద్దు గీస్తున్నది ఇంజను కాదు, ఆ గడియ లేని తలుపు. బంకుల్లో గాలి, తాగునీరు, మరుగుదొడ్డి ఉచితంగా ఉండాలన్న నిబంధన ఎప్పటినుంచో ఉంది. జాగ్రత్తల జాబితాలు మాకు పంచేవాళ్ళు, వాటిని ముందు ఆ బంకులకి పంచాలి. తలుపుకి గడియ, లోపల దీపం, రాత్రి పదింటికైనా టైరులో గాలి నింపే మనిషి. ఇవీ మా భద్రతా చర్యలు.

ఇక ‘ఏం పనుంది’ అన్నదానికి నా జవాబు: పనేం లేదు. వెళ్ళాలనిపించింది. ఆ జవాబుకి సంజాయిషీ జోడించడం మనం మానెయ్యాలి.