కొత్త గ్రాఫిక్స్ కార్డుల కోసం ఆగాలా? ముందు మెమరీ లెక్క చూడండి

మా పిన్ని కొడుకు బీటెక్ సెకండియర్. 2019 నాటి జీటీఎక్స్ 1650, 4 జీబీ కార్డుతో నెట్టుకొస్తున్నాడు. ట్యూషన్లు చెప్పి 38 వేలు దాచాడు. మొన్న ఫోన్ చేసి "అన్నా, ఇప్పుడే కొనమంటావా, నెక్స్ట్ జనరేషన్ వచ్చేదాకా ఆగమంటావా?" అన్నాడు. ఇదే డౌట్ మీలో చాలామందికి ఉంటుంది.

కొత్త తరం అనగానే అందరూ స్పీడ్ గురించే అడుగుతారు. నాకైతే మన బడ్జెట్‌లో అసలు గొడవ మెమరీతోనే అనిపిస్తోంది. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1070లో 8 జీబీ ఉండేది. 2025లో 299 డాలర్లకు వచ్చిన ఆర్‌టీఎక్స్ 5060లోనూ అదే 8 జీబీ. తొమ్మిదేళ్లు! మధ్యలో 2021 నాటి 3060కి 12 జీబీ ఇచ్చి, తర్వాత 4060లో మళ్లీ 8కి దించారు.

దీని వెనక చిన్న లెక్క ఉంది. 5060కి ఉన్నది 128 బిట్ బస్. ఒక్కో మెమరీ చిప్ 32 బిట్లు తీసుకుంటుంది కాబట్టి నాలుగు చిప్‌లే పడతాయి. చిప్‌కి 2 జీబీ చొప్పున మొత్తం 8. ఎక్కువ కావాలంటే బోర్డుకి రెండో వైపు కూడా చిప్‌లు పెట్టి 16 చెయ్యాలి, 5060 టీఐ 16 జీబీ మోడల్‌లో చేసింది అదే. లేదంటే బస్ వెడల్పు పెంచాలి, అంటే ప్రాసెసర్ సైజు, ఖర్చు పెరుగుతాయి. మూడో దారి 3 జీబీ జీడీడీఆర్7 చిప్‌లు. అదే 128 బిట్ బస్‌తో 12 జీబీ వచ్చేస్తుంది. ఇదేం కాగితం మీద లెక్క కాదు, ఆర్‌టీఎక్స్ 5090 ల్యాప్‌టాప్ వెర్షన్‌కి 24 జీబీ వచ్చింది ఈ చిప్‌లతోనే.

వచ్చే తరంలో 60 సిరీస్ కార్డుకి కనీసం 12 జీబీ ఇవ్వడానికి టెక్నికల్‌గా అడ్డేమీ లేదు. అడ్డు డబ్బు దగ్గరే. 2025 జనవరితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో ఎన్విడియాకి డేటా సెంటర్ల నుంచి 115 బిలియన్ డాలర్లు వస్తే, గేమింగ్ నుంచి వచ్చింది సుమారు 11 బిలియన్లు. మీరే ఆ కంపెనీ నడుపుతుంటే దొరికిన మెమరీ ఎవరికిస్తారు? 2025 చివర్లో ఏఐ దెబ్బకి ర్యామ్ రేట్లు ఎలా ఎగిరాయో చూశాం. మైక్రాన్ అయితే డిసెంబర్‌లో క్రూషియల్ పేరుతో మనలాంటి వాళ్లకి అమ్మే బిజినెస్‌నే ఆపేస్తున్నట్టు ప్రకటించింది.

ఇక స్పీడ్ సంగతి. 40, 50 సిరీస్‌లు రెండూ టీఎస్ఎంసీ 4ఎన్ ప్రాసెస్‌తోనే తయారయ్యాయి, అందుకే పెద్ద జంప్ కనిపించలేదు. వచ్చేసారి ప్రాసెస్ మారితే తేడా గట్టిగానే ఉంటుందని నా అంచనా. కానీ స్టేజ్ మీద చూపించే బార్ గ్రాఫులు నమ్మకండి. 5070తో 4090 పర్ఫార్మెన్స్ అని 2025 సీఈఎస్‌లో అన్నారు గుర్తుందా? అది డీఎల్ఎస్ఎస్ 4 పుట్టించే ఫ్రేముల్ని కూడా కలిపి చెప్పిన లెక్క. అసలు ఫ్రేములు 30 ఉన్నప్పుడు మధ్యలో ఎన్ని పుట్టించినా మౌస్ కదిపితే ఆ బరువు చేతికి తెలిసిపోతుంది. పైగా ఆ ఫీచర్‌కీ మెమరీ కావాలి. 8 జీబీ కార్డులో ఉన్నదాన్నే అది కూడా పంచుకోవాలి!

నాకు కాస్త ఆశ ఉన్నది ఏఎండీ, ఇంటెల్ మీద. ఇంటెల్ బీ580ని 249 డాలర్లకే 12 జీబీతో తెచ్చింది. ఏఎండీ ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ మోడల్ లాంచ్ ధర 349 డాలర్లు (అదే కార్డుని 8 జీబీతో కూడా అమ్మడం మాత్రం నాకు నచ్చలేదు). వీళ్లు గట్టిగా నిలబడితేనే ఎన్విడియా దిగొస్తుంది.

మావాడికి చెప్పింది ఇదే. నీ దగ్గర 8 జీబీ కార్డు ఉండి, 1080పీలో ఆడుకుంటుంటే ఆగు. 4 జీబీతో ఆగడంలో అర్థం లేదు. ఎలాగూ కొత్త తరంలో ముందు వచ్చేవి ఖరీదైన కార్డులే, మన 60 సిరీస్ వంతు వచ్చేసరికి ఇంకొన్ని నెలలు పడుతుంది. 16 జీబీ కార్డు నీ బడ్జెట్‌లో కనిపిస్తే తీసేసుకో, 8 జీబీది ఎంత ఆఫర్ పెట్టినా ముట్టుకోకు.

"మరి 450 వాట్ల పవర్ సప్లై సరిపోతుందా అన్నా?" అన్నాడు. అది ఎన్నేళ్ల నాటిదో, ఏ బ్రాండో ఫొటో తీసి పంపమన్నాను. ఇంకా పంపలేదు.