పృచ్ఛకులు లేని సభ

గత ఆదివారము సాయంకాలము నగరములో జరిగిన ఒక చలనచిత్ర గోష్ఠికి, అట్టి గోష్ఠులపై నాకు గల పాత మమకారము చేత, పిలుపు లేకున్నను పోయితిని. ఒక చిన్న చిత్రమును ప్రదర్శించి, పిమ్మట దాని దర్శకునితోను ఛాయాగ్రాహకునితోను ప్రేక్షకులు సంభాషింతురని ఆహ్వానపత్రికలో ఉన్నది. చిత్రము బాగున్నది. అందొక దృశ్యము: కరెంటు పోయిన పెంకుటింటిలో ఒక ముసలమ్మ కిరసనాయిలు బుడ్డి వెలిగించి, గాలికి ఆరిపోకుండ అరచేయి అడ్డము పెట్టి, వంటింటి నుండి వసారాలోనికి నడచి వచ్చును, ఆ వెలుగు ఆమెతో కూడ నడచుచు, గోడ మీది పటములను ఒక్కొక్కదానిని తాకి విడిచి, ఆమె వ్రేళ్ల సందుల నుండి ఎఱ్ఱగా జారి, తుదకు మంచము మీద నిదురించు మనుమని పాదముల కడ నిలిచిపోవును. అది అచ్చముగా బుడ్డి వెలుగేనా, లేక ఆమె కొంగు చాటున మఱియొక చిన్న దీపమేదైన దాచిరా, ఆ ముదుసలి నడకకు సరిగా కెమెరాను వెనుకకు నడిపించిన దెట్లు, అని అడుగవలెనని నాకు మహా కుతూహలముగా నుండెను. చేయి ఎత్తితిని గాని, మైకు పట్టుకొని తిరుగు అబ్బాయికి ముందు వరుసల పెద్దలను దాటి వెనుకకు వచ్చు తీరిక లేకపోయినది. ఆ వెలుగును పట్టిన యువకుడు వేదిక మీద కుడి చివరి కుర్చీలో గంటకు పైగా చేతులు కట్టుకొని కూర్చుండెను. ఆయన చేతికి మైకు ఒక్కసారి వచ్చినది. అదియు ప్రక్కవారికి అందించుటకు.

ఇక జరిగిన సంభాషణమెట్టిదనగా, చిత్రమునకు ఎంత ఖర్చైనదని యొకరు, ఏ ఓటీటీ వారు కొన్నారని యొకరు, ఒక అగ్ర కథానాయకునికి కథ వినిపించినారట నిజమేనా యని యొకరు, తమ మేనల్లునికి వేషమిప్పింతురా యని యొకరు అడిగిరి. అధ్యక్షులవారు తమ ఉపన్యాసములో ఛాయాగ్రాహకుని పేరును రెండు మారులు రెండు విధములుగా పలికి, రెండు మారులును తప్పే పలికిరి. ఒక పెద్దమనిషి లేచి, తమ బాల్యములో టూరింగు టాకీసులో నేల టిక్కెట్టుపై చూచిన పౌరాణికములను, తమ పితామహుల నాట్యాభిమానమును, నేటి యువతరముపై తమకు గల జాలిని సవిస్తరముగా వర్ణించి, “అయ్యా, తమ ప్రశ్న?” అని వ్యాఖ్యాత్రి వినయముగా గుర్తుచేయగా, “ప్రశ్న లేదమ్మా, ఆశీర్వదించి పోదామని లేచినాను” అని కూర్చుండెను. సభలో చప్పట్లు మ్రోగినవి. అన్నింటిలోను చిత్రమునకు సంబంధించిన ప్రశ్నలు రెండే: పేరు ఎందుకట్లు పెట్టితిరని యొకటి, రెండవ భాగమెప్పుడని యొకటి.

ప్రశ్నించుట యొక విద్య యని తెలుగువానికి ఇంకొకరు చెప్పవలసిన పని లేదు. అష్టావధానమును పెంచి పోషించిన జాతి మనది. తిరుపతి వేంకట కవుల వెంట ఊరూర జనము విరుగబడి పోయినది కవులు చెప్పు పద్యముల కొఱకు మాత్రమే కాదు, వారిని నిలువరింపజూచు పృచ్ఛకుల చాతుర్యము చూచుటకును. నిషిద్ధాక్షరి నిచ్చువాడు, అవధాని నోటినుండి రాబోవు అక్షరమేదో అవధాని కంటె ఒక క్షణము ముందుగా ఊహించి దానిని నిషేధింపవలెను. అనగా పద్యమెటు పోవుచున్నదో, యతి ఎక్కడ పడునో, ఏ శబ్దమునకు ఆ సందున చోటు గలదో వానికిని కవికి తెలిసినంతయు తెలిసియుండవలెను. దత్తపది నిచ్చువాడును అంతియే, సమస్య నిచ్చువాడును అంతియే. ఇందఱి నడుమ ఒక్కని మాత్రము, అవధాని ఏకాగ్రతను చెడగొట్టుటకై, అప్రస్తుత ప్రసంగమునకు నియమింతురు. పూర్వులు ఎనిమిదిలో ఒకటిగా విధించిన దానిని మనవారు నేడు ఎనిమిదింటికిని వ్యాపింపజేసినారు.

ఇంకను వెనుకకు పోయినచో భరతముని నాట్యశాస్త్రములో సిద్ధిని గూర్చిన అధ్యాయమొకటి కలదు. ప్రదర్శనమును పరీక్షించుటకు ప్రాశ్నికులను పదిమందిని ఆయన ఏర్పఱచినాడు. యజ్ఞ మెఱిగినవాడు, నర్తకుడు, ఛందస్సు తెలిసినవాడు, శబ్దశాస్త్రము చదివినవాడు, రాజు, ధానుష్కుడు, చిత్రకారుడు, వేశ్య, గాయకుడు, రాజసేవకుడు. ఈ పట్టికను చూచినపుడెల్ల నాకు ఆ మునియందు గౌరవము ద్విగుణమగుచుండును. విలుకానిది నటుని నిలుకడను, అంగసౌష్ఠవమును పరిశీలించు పని, వేషధారణమునకు, అలంకరణమునకు చిత్రకారుడు, శృంగారోపచారములు సరిగానున్నవా లేవా యనుటకు వేశ్య, స్వరతాళములకు గాయకుడు, కొలువులోని మర్యాదలకు రాజసేవకుడు. ఎవరి చేతికి ఏ పని తెలియునో ఆ పనిని గూర్చియే వాని మాట చెల్లును. పండితుడొక్కడే పదింటికిని తీర్పు చెప్పునని ఆయన ఎక్కడను అనలేదు. వేశ్యకును యాజ్ఞికునికిని ఒకే వరుసలో పీట వేసినాడు. మఱియు, సిద్ధులలో మానుషి, దైవికి యని రెండు విధములు చెప్పి, చిఱునవ్వు, పెద్దనవ్వు, “సాధు” వనుట, “అహో” యనుట మొదలైనవన్నియు మానుషిలో చేర్చి, రంగస్థలము నిండియుండియు శబ్దముగాని కలవరముగాని లేక ప్రేక్షకులు నిశ్చలముగా నుండుటను దైవికిగా నిర్ణయించినాడు. మన ప్రీ రిలీజ్ ఈవెంటులలో ఈలలకు, కేకలకు, కాగితపు ముక్కలు చిమ్ము యంత్రములకు ఆ శాస్త్రములో ఏ సిద్ధి క్రింద చోటు దొరకునో పండితులు విచారింతురు గాక.

ఆ ఈవెంటుల మాట యెత్తితిని గనుక ఒక్క వాక్యములో ముగించెదను: చిత్రమును ఇంకను ఎవ్వరును చూడకమునుపే, చూడనివారందఱు చేరి, చూడనివారిని ఉద్దేశించి, చూడని దానిని ఆకాశమునకెత్తు మహోత్సవమును గోష్ఠి యని పిలువకున్నంత వఱకు నాకు దానితో పేచీ లేదు.

సంభాషణ మెట్లుండవలెనో ఒక ఉదాహరణము చెప్పెదను. 1962 ఆగస్టులో ఫ్రాన్సు దేశపు దర్శకుడు ఫ్రాంస్వా త్రూఫో, ముప్పది యేండ్లవాడు, అప్పటికి చేసినవి మూడే పెద్ద చిత్రములు, అరువది దాటిన ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్‌ను వెదకికొని హాలీవుడ్‌కు పోయి, హెలెన్ స్కాట్ అను విదుషిని దుబాసిగా నడుమ కూర్చుండబెట్టుకొని, వారము రోజుల పాటు ఆయన చిత్రములనన్నింటిని వరుసగా ప్రశ్నించినాడు. ఆ సంభాషణములు 1966లో గ్రంథరూపమున వెలువడినవి. అందులో ‘సస్పిషన్’ అను 1941 నాటి చిత్రము ప్రస్తావనకు వచ్చినపుడు, కథానాయకుడు చీకటి మెట్లమీదుగా భార్యకొఱకు పాలగ్లాసు పట్టుకొని ఎక్కి వచ్చు దృశ్యమును గూర్చిన మాట యున్నది. ఆ పాలలో విషమున్నదేమోనని ప్రేక్షకుని గుండె దడదడలాడుచుండును. తెరమీద తక్కినదంతయు చీకటి, పాలు మాత్రము తెల్లగా ప్రకాశించుచుండును. ఆ గ్లాసులోనే ఒక దీపము పెట్టించితినని హిచ్‌కాక్ చెప్పినాడు. గ్లాసు మీదికి దీపము వేయించితిరా యని త్రూఫో అనుమానించినాడు. మీదికి కాదు, లోపలనే, చూపరి కన్ను దానిని విడిచి మఱియొక చోటికి పోకుండుటకు, అని ఆయన వివరించినాడు. ఆ రెండు మూడు మాటల సంభాషణములో ఒక విద్యార్థికి ఒక సంవత్సరపు పాఠము కలదు. పొరపడుటకైనను త్రూఫోకు దీపముల పని కొంత తెలిసియుండవలసి వచ్చినది గదా! ఏమియు తెలియనివాడు అంత చక్కగా పొరపడలేడు.

మన దేశములోనే, వంగదేశము వారి సంగతి చూడుడు. 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా ప్రభృతులు కలకత్తా ఫిల్మ్ సొసైటీ స్థాపించుకొని, చిత్రములు చూచుటయు, చూచిన పిదప వాదులాడుకొనుటయు నిత్యకృత్యముగా చేసికొనిరి. ఆ రాయ్ తీసిన ‘పథేర్ పాంచాలి’కి ఛాయాగ్రాహకుడైన సుబ్రతో మిత్రో అంతకు మునుపు సినిమా కెమెరా నడిపి యెఱుగడు. ‘అపరాజితో’ తీయునపుడు కాశీలోని ఇంటి ముంగిటిని బన్సీ చంద్రగుప్తా స్టూడియోలో కట్టగా, పైనుండి మెత్తగా దిగు ఆకాశపు వెలుతురును స్టూడియో దీపములతో తెచ్చుట ఎట్లని మథనపడి, మిత్రో ముంగిలిపై తెల్లని గుడ్డ బిగించి, దీపములను తిన్నగా మనుష్యుల మీదికి కాక ఆ గుడ్డమీదికి త్రిప్పి, అక్కడ తగిలి మరలి వచ్చిన వెలుతురులో చిత్రీకరించినాడు. నీడలు కరగిపోయినవి, చూచినవారు కాశీయే యనుకొనిరి. అది 1956 నాటి మాట. అడిగినవారును వ్రాసినవారును ఉండుట చేతనే హైదరాబాదులో కూర్చున్న నాకు ఆ గుడ్డ సంగతి ఇప్పుడు తెలిసినది.

మఱి మార్కస్ బార్ట్లీని మనమేమి అడిగితిమి? ‘పాతాళభైరవి’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజారు’ ఆయన కన్నుతోనే చూచితిమి. మలయాళులు ‘చెమ్మీన్’లో వారి సముద్రమును ఆయన కన్నుతో చూచిరి. ‘మాయాబజారు’లోని నౌకావిహారపు వెన్నెలను గూర్చి తెలుగువాడు అరువది యేండ్లకు పైగా పరవశించుచున్నాడు, ఆ వెన్నెలలో చంద్రునిదెంత, బార్ట్లీదెంత యని ఆయన జీవించియుండగానే ఆయనను కూర్చుండబెట్టి, షాటు షాటునకు ఆపి అడిగి, అచ్చువేసిన పుస్తకమొకటి యుండినచో ఎంత బాగుండెడిది! నా బల్లపై అట్టిది లేదు. ఎవరియొద్దనైన ఉన్నచో పంపుడు, తపాలా ఖర్చు నేనే భరింతును. ఆ చిత్రమునకే కళాదర్శకులైన గోఖలే, కళాధర్‌లు ద్వారకను, ఘటోత్కచుని ఆశ్రమమును ముందుగా కాగితముపై ఎట్లు గీసిరో, ‘మల్లీశ్వరి’కి ఏ.కె. శేఖర్ రాయల నాటి వీథులను ఏ ఆధారములతో నిర్మించినాడో, ఇవియెల్ల ఎక్కడనో ముక్కలు ముక్కలుగా, ఎవరో ఎవరికో చెప్పినారట యన్న వదంతులుగా మిగిలినవి. నటీనటుల భోజనప్రీతిని గూర్చి మాత్రము మనయొద్ద సంపుటములు కలవు.

ఈ ఉపేక్ష తెలుగువారికి మాత్రమే చెందినదని అనను. 1969 నుండి ఇచ్చుచున్న దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారపు పట్టికను పైనుండి క్రిందికి చదువుడు. నటులు, దర్శకులు, నిర్మాతలు, గాయకులు బారులు తీరియుందురు; ఛాయాగ్రహణ మొక్కటే జీవితవృత్తిగా గలవాడు వి.కె. మూర్తి యొక్కడు, 2008 సంవత్సరమునకు. ‘కాగజ్ కే ఫూల్’లో, అద్దములతో బయటి ఎండను పట్టి, స్టూడియో చీకటిలోనికి ఒక స్తంభమువలె దింపిన మహానుభావుడాయన. ఆ ఎండ 1959 నాటిది. పురస్కారము చేరునప్పటికి అర్ధశతాబ్దము గడచినది.

“ప్రజలకు కటకములు, దీపములు ఎందుకండీ, కథ చాలును” అని నాకు సమాధానము చెప్పువారు కలరు. వారికి మన పద్యనాటకముల చరిత్ర తెలియదని నా అభిప్రాయము. ‘పాండవోద్యోగము’లోని పడక సీనునకు తెల్లవారుజామువఱకు కూర్చున్న రైతు, ఏ కృష్ణుడు ఏ పద్యమును ఏ రాగములో ఎత్తుకొన్నాడో, ఎక్కడ సాగదీసినాడో, ఎక్కడ ఊపిరి చాలక తప్పించుకొన్నాడో మఱునాడు పొలము గట్టున పూసగ్రుచ్చినట్లు చెప్పగలిగెడివాడు. వన్స్ మోర్ అని వాడు అఱచినది కథ కొఱకు కాదు. కథ వానికి పుట్టినది మొదలు తెలియును. రవీంద్రభారతిలో పైడి జయరాజు పేర నున్న చిన్న ప్రదర్శనశాలలో, పొట్టి చిత్రములు తీయు కుఱ్ఱవాండ్రు ఒకరి చిత్రమును గూర్చి ఒకరు ప్రశ్నించుకొనగా నేను వింటిని. ఏ లెన్సు వాడితివి, ఆ చప్పుడు అక్కడిదేనా లేక పిదప చేర్చితివా యని అడుగుచుండిరి. వారెవ్వరికిని శాలువాలు కప్పలేదు. తుమ్మపూడిలో చిత్రకారులైన సంజీవదేవ్‌గారి యింటికి పోయి చిత్రకళను గూర్చి మాటలాడి వచ్చిన వారికిని శాలువాల అవసరము కలుగలేదు.

ఇంతకును, పేర్లే తెలియని వారిని ప్రశ్నింపుమనుట అన్యాయమేమో. పూర్వము పేర్లు చిత్రమునకు ముందు వచ్చెడివి. ‘మాయాబజారు’నకు టిక్కెట్టు కొన్నవాడు, ఇష్టమున్నను లేకున్నను, పింగళి, బార్ట్లీ, గోఖలే, కళాధర్ అను పేర్లను చదివిన పిదపనే శశిరేఖను చూడవలసి వచ్చెడిది, మా తరమువారికి ఆ పేర్లు కంఠస్థమగుటకు కారణమదియే. ఇప్పుడవి కడపటికి పోయినవి. చీమలబారు వంటి అక్షరములు తెర క్రిందినుండి పైకి ప్రాకుట మొదలిడినంతనే మల్టీప్లెక్సులో దీపములు వెలుగును, తలుపులు బార్లా తెఱచుకొనును, ఖాళీ డబ్బా లేఱుకొను అబ్బాయిలు సంచులతో వరుసలలోనికి దిగుదురు; నావలె కూర్చున్నవానిని, ఒంటిలో బాగులేదేమోనని జాలిగా చూతురు. ఓటీటీలోనైతే పట్టిక సగము నడువకమునుపే మఱియొక చిత్రము దానంతట అదే మొదలగును. ధ్వని ముద్రించినదెవరో తెలిసికొనదలచినవాడు రిమోటుతో పెనుగులాడవలెను. పొగ త్రాగుట హానికరమను హెచ్చరికను చిత్రమునకు ముందు తప్పనిసరి చేసిన ప్రభుత్వమువారు, ఆ చేతితోనే ఈ పేర్లను గూడ మొదటికి తెప్పించి, అవి పూర్తియగు వఱకు తలుపులు మూసియుంచవలెనని నియమమొకటి ఏల చేయరాదు? ఆ రెండు మూడు నిమిషముల నష్టమును థియేటరు యజమానులు విరామసమయమున పాప్‌కార్న్ ధరలో రాబట్టుకొనగలరనుటలో నాకు సందేహము లేదు.