మావాడి క్యామ్‌షాఫ్టూ, నా గ్యాస్ పొయ్యీ

మొన్న వేసవిలో మా ఇంట్లో తండ్రీకొడుకులు రెండు నెలలపాటు నా ద్వారానే మాట్లాడుకున్నారు. "మీవాణ్ణి అన్నానికి రమ్మను" అని ఆయన. "నాన్నకి కారు కావాలేమో అడుగమ్మా" అని వీడు. ఇద్దరూ ఒకే హాల్లో, ఒకే సోఫాకి చెరో చివర కూర్చునే! దీనికంతటికీ కారణం మూరెడు పొడవున్న ఒక ఇనుప కడ్డీ. దాని పేరు క్యామ్‌షాఫ్ట్.

మా మామయ్యగారి మారుతి ఎస్టీమ్ ఒకటుంది మా ఇంట్లో. ఆయన పోయాక అమ్మబుద్ధి కాక ఉంచుకున్నాం. కూరగాయలకైనా, అత్తయ్యగారిని ఆస్పత్రికి తీసుకెళ్ళాలన్నా అదే. మావాడు మెకానికల్ ఫైనలియర్. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో ఆ కారుకి 'పెర్ఫార్మెన్స్ క్యామ్' తెప్పించాడు. పార్సిల్ విప్పగానే మావారు అగ్గి మీద గుగ్గిలమయ్యారు. "మా నాన్న కారు మీద చెయ్యి వేశావో..." అన్నారు. వీడు తలుపు వేసుకున్నాడు. అంతే, మాటలు బంద్.

నాకు కోపం రాలేదని కాదు. కానీ అదేమిటో తెలియకుండా వద్దనడానికి నోరు రాలేదు. ఒక సాయంత్రం చిక్కుళ్ళు వలుస్తూ కూర్చుని "అసలా కడ్డీ ఏం చేస్తుందో నాకు చెప్పు నాన్నా" అన్నాను. "నీకర్థం కాదులే అమ్మా" అన్నాడు. ఈ మాట మనందరం వినే ఉంటాం కదా! "నువ్వు సరిగ్గా చెప్తే అవుతుంది" అన్నాను.

చెప్పాడు. ఇంజన్లోకి గాలీ పెట్రోలూ రావడానికి కొన్ని తలుపులు, కాలిన పొగ పోవడానికి కొన్ని తలుపులు ఉంటాయి. అవే వాల్వులు. వాటిని తెరిచేది ఈ కడ్డీ మీద కోడిగుడ్డు ఆకారంలో ఉండే గుబ్బలు. కింద క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఇది ఒక చుట్టు తిరుగుతుంది. గుబ్బ ఎత్తు పెంచితే తలుపు ఇంకాస్త బార్లా తెరుచుకుంటుంది, ఆకారం మారిస్తే ఎక్కువసేపు తెరిచి ఉంటుంది. ఇంజన్ జోరుగా తిరిగేటప్పుడు గాలికి లోపలికొచ్చే వ్యవధి ఉండదు కాబట్టి, తలుపు ఎక్కువసేపు తెరిస్తే ఎక్కువ గాలి, ఎక్కువ బలం.

"మరి మెల్లగా తిరిగేటప్పుడో?" అన్నాను.

తల గోక్కున్నాడు. "అప్పుడు కొంచెం తగ్గుతుంది."

ఆ 'కొంచెం' దగ్గరే నాకు అనుమానం వచ్చింది. అయినా బిగించుకోమన్నాను. మావారికి నేనే సర్దిచెప్పాను. ఒక్కటే షరతు పెట్టాను, గ్యారేజీకి నేనూ వస్తానని.

గ్యారేజీలో స్టూలు మీద కూర్చుని నేను చూసింది మీకు చెప్పాలి. వాల్వు మరీ ఎత్తు లేస్తే పిస్టన్‌కి తగిలి రెండూ పాడవుతాయిట. అందుకని పిస్టన్ మీద బంకమట్టి ముద్ద పెట్టి, ఇంజన్ని చేత్తో తిప్పి, మట్టి ఎంత అణిగిందో కొలిచారు. చిన్నప్పుడు మావాడు బొమ్మలు చేసుకునే రంగురంగుల మట్టే! గట్టి స్ప్రింగులు వేశారు. టైమింగ్ బెల్టు గుర్తులు మూడుసార్లు సరిచూసుకున్నారు. ఇంట్లో ఇంత ఒద్దికగా ఒక్క పని చెయ్యని వాడు అక్కడ నట్టు కూడా కింద పెట్టలేదు. అది చూసి నాకు కడుపు నిండింది, అబద్ధం ఎందుకు.

తీరా స్టార్ట్ చేస్తే, నిలబడ్డచోటే కారు ఊగిపోతోంది. పెట్రోలు వాసన గుప్పుమంటోంది. గ్యారేజీ కుర్రాళ్ళేమో "సౌండ్ అదిరింది అన్నా" అని మురిసిపోతున్నారు.

నాకు మా గ్యాస్ పొయ్యి గుర్తొచ్చింది. గాలి తక్కువైతే మంట పచ్చగా వస్తుంది, గిన్నెల అడుగులు మసిబారతాయి. పెట్రోలుదీ అదే లెక్క. ఒక వంతు పెట్రోలుకి బరువులో 14.7 వంతుల గాలి ఉండాలిట. పాత కార్బురేటర్ బళ్ళకైతే స్క్రూ తిప్పి చూసుకునేవాళ్ళు. ఇప్పటి బళ్ళలో ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది. సెన్సర్లు చెప్పినదాన్ని బట్టి, ముందే రాసిపెట్టిన పట్టిక చూసి పెట్రోలు పోస్తుంది. ఆ పట్టిక పాత క్యామ్‌ కోసం రాసింది. కొత్త క్యామ్‌తో రెండు రకాల తలుపులూ కలిసి తెరిచి ఉండే సమయం పెరిగింది, మెల్లగా తిరిగేటప్పుడు ఇంజన్ లోపలికి లాగే జోరు పడిపోయింది. కంప్యూటరేమో డ్రైవరు యాక్సిలరేటర్ తొక్కాడనుకుని ఇంకా పోస్తోంది. కొత్త కోడలికి అత్తగారు పాత కొలతలే అప్పజెప్పినట్టు!

ట్యూనింగ్ అంటే ఆ పట్టికని మళ్ళీ రాయడం. సైలెన్సర్ గొట్టంలో వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టి, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఒక్కో వేగానికీ ఒక్కో అంకె సరిచేసుకుంటూ పోవాలి. దాని ఖర్చు క్యామ్ ఖరీదుని దాటిపోయింది. మావాడి డబ్బులు అయిపోయాయి. "తర్వాత చేయిస్తాలే" అని సగం సగం సర్దిన కారునే ఇంటికి తెచ్చాడు.

మర్నాడు మెహదీపట్నం రైతు బజారుకి ఇద్దరం బయల్దేరాం. ట్రాఫిక్‌లో ఆగుతూ, కదులుతూ వెళ్తున్నాం. వరసగా రెండు మూడుసార్లు బ్రేకు తొక్కేసరికి పెడలు రాయిలా బిగుసుకుపోయింది. ముందు ఆటోలో స్కూలు పిల్లలు. మావాడు రెండు కాళ్ళూ పెట్టి తొక్కాడు. ఆటోకి బెత్తెడు దూరంలో ఆగాం. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఎందుకలా అయిందో రాత్రి వాడే చెప్పాడు. మనం తొక్కే బ్రేకుకి సాయంపట్టేది ఇంజన్ లాగే ఆ గాలి జోరేనట. అది పడిపోతే సాయం కూడా పోతుంది. అంటే 'కొంచెం తగ్గుతుంది' అన్నదాంట్లో బ్రేకు కూడా ఉంది!

తర్వాత మావారికి చెప్పకుండా నా పొదుపు డబ్బులిచ్చి ట్యూనింగ్ పూర్తి చేయించాను. సగంలో వదిలేసిన పని కంటే ప్రమాదం లేదు కనుక. వాసన పోయింది, బ్రేకు కుదురుకుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఓసారి తిప్పాడు. ముల్లు 4000 దాటగానే కారు ముందుకి దూకింది, నాకు కూడా బాగుంది. కానీ ఇంటికొచ్చాక అడిగాను, "రైతు బజారుకెళ్ళేటప్పుడు ముల్లు ఎంత దాకా వెళ్తుంది?" "2000" అన్నాడు. "మామ్మని ఆస్పత్రికి తీసుకెళ్ళేటప్పుడో?" మాట్లాడలేదు.

చట్టం సంగతీ చెప్పుకున్నాం. ఆర్సీలోని వివరాలు కంపెనీ నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖరారు చేసింది. ఆ ఏడాది సవరణతో ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. "లోపలి క్యామ్ ఎవరు చూస్తారమ్మా" అన్నాడు. ఏదన్నా జరిగిన రోజున ఇన్సూరెన్సు వాళ్ళు చూడరూ?

వారం తర్వాత ఒక ఆదివారం పొద్దున్నే వాడే బానెట్ ఎత్తి పాత క్యామ్, పాత పట్టిక మళ్ళీ పెట్టడం మొదలెట్టాడు. చీకటిమూల బోల్టు కనపడక అవస్థ పడుతుంటే మావారు వెళ్ళి టార్చి పట్టుకున్నారు. "అటు కాదురా, ఇటు" అన్నారు. రెండు నెలల తర్వాత మొదటి మాట అది.

ఆ కొత్త క్యామ్ నూనె రాసిన గుడ్డలో చుట్టి అటక మీద ఉంది. పాత ఇంజన్ ఒకటి కొని, స్టాండు మీద పెట్టి దానికి బిగిస్తానంటున్నాడు. ఎప్పటికైనా కోయంబత్తూరు కారి ట్రాక్ మీద తోలతాడట. అక్కడ తోలితే నేనే దగ్గరుండి చూస్తాను.

నా అభిప్రాయం ఇదీ. పిల్లల సరదాలకి అడ్డుపడే ముందు ఒక గంట కూర్చుని అదేమిటో అడిగి తెలుసుకోవాలి. తెలిసి చెప్పిన 'వద్దు'కి ఉన్న విలువ తెలియకుండా అరిచిన 'వద్దు'కి లేదు. అలాగే, నలుగురం ఎక్కే బండి మీద ఒక్కరి సరదా పనికిరాదు. ఈ రెండోది మావాడు నేర్చుకున్నాడు. మొదటిది మావారు ఇంకా నేర్చుకుంటున్నారు.

మీ ఇళ్ళల్లో బైకు సైలెన్సర్ మార్చిన పుత్రరత్నాలు ఉండే ఉంటారు. మీరైతే ఏం చేశారు?